పరిశోధన పది మందికీ చేరాలంటే...

"మా వాడు పీహెచ్‌డీ చేస్తున్నాడు గానీ ఎప్పుడు చూసినా లింక్డ్‌ఇన్‌లోనో, ట్విట్టర్‌లోనో ఉంటాడండీ. మీరైనా కాస్త చెప్పండి." బ్రిటన్‌లోని తెలుగు సంఘాల ఉగాది వేడుకల్లో, సంక్రాంతి విందుల్లో ఏటా ఎవరో ఒకరు నాతో అనే మాట ఇది. ఇక్కడి ఒక యూనివర్సిటీలో ప్రజారోగ్యం పాఠాలు చెబుతూ, పరిశోధక విద్యార్థులకు గైడుగా ఉంటున్నాను కాబట్టి ఈ ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వస్తాయి. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: "అక్కడ ఏం చేస్తున్నాడో ఎప్పుడైనా అడిగారా?"

ఇది పిల్లల తరఫున వకాల్తా కాదు. రీల్స్ చూస్తూ రాత్రి రెండింటి దాకా మేలుకునే వాళ్లూ ఉన్నారు. కానీ బ్రిటన్‌లో చదువు చెప్పే వృత్తిలో, పరిశోధనలో ఉన్నవారికి సోషల్ మీడియా ఇప్పుడు లైబ్రరీ లాంటిదే. ఎలా వాడాలో తెలిసిన వారికి అది సహచరులను, అవకాశాలను, పాఠకులను తెచ్చిపెడుతుంది. తెలియని వారికి కాలహరణం. ఒక్కోసారి పేటెంటుకో, వీసాకో ఎసరు కూడా పెడుతుంది. మన కుటుంబాల్లో లెక్చరర్లు, పోస్ట్‌డాక్‌లు, పీహెచ్‌డీ విద్యార్థులు ఏటేటా పెరుగుతున్నారు కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

విద్వత్తు ఉంటే చాలదు

ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈరోజు తెలిసిన క్రామెర్-రావు సూత్రం అందులోదే. మరుసటి ఏడాది ఆయన కేంబ్రిడ్జికి వచ్చారు. రొనాల్డ్ ఫిషర్ దగ్గర పనిచేసి 1948లో డాక్టరేట్ అందుకున్నారు. గణాంకశాస్త్రంలో నోబెల్‌తో సమానంగా చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి 2023లో వచ్చేనాటికి ఆయన వయసు 102. అప్పట్లో ఒక వ్యాసం ఖండాలు దాటాలంటే జర్నల్ ఓడలో రావాలి, దాన్ని ఎవరైనా తెరిచి చూడాలి, చూసినవారు పదిమందికి ఉత్తరాలు రాయాలి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఇంకోలా జరిగింది. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన హార్వర్డ్‌లో చేసిన పని జీవరసాయన శాస్త్రంలో మూలస్తంభం. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం నుంచి ప్రపంచానికి గొప్ప మందులు వచ్చాయి. అయినా 1948లో కన్నుమూసేనాటికి బయటి లోకానికి ఆయన పేరు పెద్దగా తెలియదు. ప్రచారం ఆయనకు గిట్టేది కాదు. నిండు కుండ తొణకదని మనం మురిసిపోతాం. నిజమే, కానీ ఆ కుండలో నీళ్లున్నాయని దాహంతో ఉన్నవారికి తెలియకపోతే ఎవరికి ఉపయోగం?

జనవరి 11 నాటి ఒక ట్వీటు

సోషల్ మీడియా పరిశోధనకు ఎలా పనికొస్తుందో చెప్పమంటే నేను ముందుగా చెప్పేది 2020 జనవరి 11 నాటి ఘటన. చైనా శాస్త్రవేత్త జాంగ్ యాంగ్‌జెన్ బృందం వుహాన్‌లో బయటపడిన కొత్త వైరస్ జన్యుక్రమాన్ని కనుక్కుంది. జర్నల్‌లో అచ్చయ్యేదాకా ఆగితే వారాలు పడుతుంది. జాంగ్ అనుమతితో సిడ్నీ యూనివర్సిటీలో ఉన్న ఎడ్వర్డ్ హోమ్స్ ఆ క్రమాన్ని ఒక బహిరంగ వెబ్‌సైట్‌లో ఉంచి, లింకును ట్విట్టర్‌లో పెట్టారు. ఆ వెబ్‌సైటును నడుపుతున్నది ఎడిన్‌బరా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆండ్రూ రాంబో.

ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ ఆ క్రమం మీద పనిలో పడ్డాయి. మోడెర్నా రెండు రోజుల్లో తన టీకా నమూనాను ఖరారు చేసుకుంది. ఆక్స్‌ఫర్డ్‌లో సారా గిల్బర్ట్ బృందం తన టీకా రూపకల్పన మొదలుపెట్టింది. ఊళ్లో మన అమ్మానాన్నలు వేయించుకున్న కోవిషీల్డ్‌కు మూలం ఆ ఆక్స్‌ఫర్డ్ టీకాయే. పరిశోధన సమాచారం ఒక్క రోజు ముందు చేరడం వల్ల ఎంత తేడా వస్తుందో ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అందరి పరిశోధనా మహమ్మారి అంత అత్యవసరం కాదు. అయినా సూత్రం ఒకటే. మీ పని ఎవరికి అవసరమో వాళ్లకు అది ఉన్నట్టు తెలియాలి.

లెక్కలు ఏమంటున్నాయి?

డిజిటల్ హ్యుమానిటీస్ ప్రొఫెసర్ మెలిస్సా టెర్రస్ యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఉన్నప్పుడు 2011లో ఒక పని చేశారు. తన పాత వ్యాసాలను యూనివర్సిటీ ఉచిత భాండాగారంలో చేర్చి, ఒక్కో వ్యాసం వెనకున్న కథను చెబుతూ ట్విట్టర్‌లో పంచుకున్నారు. అంతకుముందు ఒకరిద్దరు మాత్రమే తెరిచి చూసిన వ్యాసాలకు ఒక్క రోజులో సగటున 70 దాకా డౌన్‌లోడ్లు వచ్చాయి. వ్యాసాలు పాతవే. అవి ఉన్నాయన్న సంగతి మాత్రమే జనానికి కొత్తగా తెలిసింది.

అలాగని ట్వీటు చేస్తే సైటేషన్లు, అంటే ఇతర పరిశోధకులు మన పనిని పేర్కొనడం, తప్పకుండా పెరుగుతాయని చెప్పలేం. ఈ విషయంలో జరిగిన ప్రయోగాలు రెండు రకాలుగా చెబుతున్నాయి. గుండె, ఊపిరితిత్తుల శస్త్రచికిత్స జర్నళ్ల వ్యాసాలతో చేసిన ఒక ప్రయోగంలో, ట్వీటు చేసిన వ్యాసాలకు ఏడాది తర్వాత సైటేషన్లు ఎక్కువగా కనిపించాయి. 2024లో ప్లాస్ వన్ జర్నల్‌లో వచ్చిన మరో ప్రయోగంలో 11 మంది శాస్త్రవేత్తలు లాటరీ పద్ధతిలో ఎంచిన 110 వ్యాసాలను ట్వీటు చేసి, అవే సంచికల్లోని మిగతా వ్యాసాలతో పోల్చారు. డౌన్‌లోడ్లు వెంటనే పెరిగాయి. మూడేళ్ల తర్వాత చూస్తే సైటేషన్లలో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా లేదు.

నేను మా విద్యార్థులకు ఈ రెండూ చదివిస్తాను. సోషల్ మీడియా తలుపు దాకా మనిషిని తీసుకురాగలదు. లోపల సరుకు లేకపోతే ఆ మనిషి నిలబడడు. లైకుల కోసం పరిశోధన చేసే వాడికి చివరికి లైకులే మిగులుతాయి.

ఈ చర్చను లెక్కగట్టే పరిశ్రమ కూడా ఇక్కడే పుట్టింది. 2011లో లండన్‌లో మొదలైన ఆల్ట్‌మెట్రిక్ సంస్థ ఒక వ్యాసాన్ని వార్తల్లో, ప్రభుత్వ పత్రాల్లో, సోషల్ మీడియాలో ఎవరెవరు ప్రస్తావించారో లెక్కిస్తుంది. జర్నల్ పేజీల్లో కనిపించే రంగురంగుల గుండ్రటి గుర్తు దానిదే. ఆ అంకె నాణ్యతకు కొలమానం కాదు. పొరపాట్లున్న వ్యాసాన్ని వెయ్యి మంది తిట్టినా ఆ అంకె పెరుగుతుంది. అంకె వెనక ఎవరున్నారో చూసుకోవడమే దాని అసలు ఉపయోగం.

ఉద్యోగానికి దీనికి సంబంధమేంటి?

బ్రిటన్ యూనివర్సిటీల పరిశోధనను కొన్నేళ్లకోసారి దేశవ్యాప్తంగా మదింపు చేస్తారు. రీసెర్చ్ ఎక్సలెన్స్ ఫ్రేమ్‌వర్క్ అంటారు, వాడుకలో రెఫ్. ఏటా సుమారు 200 కోట్ల పౌండ్ల పరిశోధన నిధుల పంపకం దీని ఫలితాల మీదే ఆధారపడి ఉంటుంది. 2014 రెఫ్‌లో, పరిశోధన వల్ల సమాజంలో వచ్చిన మార్పుకు 20 శాతం మార్కులు ఇచ్చారు. 2021లో దాన్ని 25 శాతం చేశారు. యూనివర్సిటీ గోడల బయట ఎవరి జీవితమైనా, విధానమైనా, వ్యాపారమైనా మీ పని వల్ల మారిందా అన్నదే ప్రశ్న. జవాబుకు రుజువులు కావాలి.

ఇక్కడ చాలామంది ఒక మెలిక మరిచిపోతారు. "నా పోస్టును పది వేల మంది చూశారు" అన్నది రుజువు కాదు. ఆ పోస్టు చూసి ఒక కౌన్సిల్ అధికారి మెయిల్ పెట్టడం, ఒక ఆస్పత్రి తన పద్ధతి మార్చుకోవడం, ఒక పార్లమెంటరీ కమిటీ మిమ్మల్ని పిలవడం రుజువులు. అందుకే వచ్చిన మెయిళ్లను, సందేశాలను తేదీలతో సహా దాచుకోమంటాను. ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టు ఉద్యోగాల మీద నడిచే మన యువ పరిశోధకులకు తర్వాతి ఇంటర్వ్యూలో అవే ఆస్తి.

ఏ పనికి ఏ వేదిక?

అన్నిచోట్లా ఖాతా తెరవడం అనవసరం. పనిని బట్టి ఎంచుకోవాలి.

మనుషులను వెతకడానికి లింక్డ్‌ఇన్ మంచిది. ముఖ్యంగా ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, ఫార్మా రంగాల్లో పరిశ్రమ వాళ్లంతా అక్కడే ఉంటారు. పీహెచ్‌డీ సీటు కోసం ప్రొఫెసర్లకు "రెస్పెక్టెడ్ సర్" అంటూ యాభై మందికి ఒకే సందేశం పంపే బదులు, ముగ్గురి వ్యాసాలు చదివి, వాటిలో ఒక ప్రశ్న అడుగుతూ రాయండి. అలాంటి సందేశం నాకు వస్తే నేను జవాబివ్వకుండా ఉండలేను.

రోజువారీ చర్చకు, కొత్త వ్యాసాల కబురుకు ఎక్స్, బ్లూస్కై, మాస్టోడాన్ ఉన్నాయి. మీ రంగంలో మీరు గౌరవించే పాతిక మందిని అనుసరిస్తే చాలు. వాళ్లు ఏం చదువుతున్నారో, దేనితో విభేదిస్తున్నారో రోజూ తెలుస్తుంది. సదస్సుకు వెళ్లలేని వారికి, విమానం టికెట్టుకు నిధులు లేని వారికి ఆ సదస్సు హ్యాష్‌ట్యాగ్ సగం సదస్సుతో సమానం. ఇంటి పనితో, పసిపిల్లలతో ప్రయాణాలు కుదరని మన ఆడపడుచులకు ఇది ఎంత మేలో నేను దగ్గరగా చూశాను. పీహెచ్‌డీ చాట్, అకడమిక్ చాటర్ వంటి హ్యాష్‌ట్యాగ్‌లలో థీసిస్ ఆగిపోయిన వారికి ధైర్యం చెప్పేవారు కూడా దొరుకుతారు.

వివరంగా చెప్పాల్సిన వాటికి యూట్యూబ్. నాటింగ్‌హామ్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ పోలియాకాఫ్, వీడియో జర్నలిస్టు బ్రాడీ హారన్ కలిసి 2008లో పీరియాడిక్ వీడియోస్ మొదలుపెట్టారు. 118 మూలకాలకు తలా ఒక వీడియో తీశారు. చింపిరి తెల్లజుట్టుతో కనిపించే ఆ పెద్దాయన ప్రపంచవ్యాప్తంగా లక్షలాది పిల్లలకు కెమిస్ట్రీ మాస్టారయ్యారు. ఆయన మానేజర్‌ను పెట్టుకుని నటించలేదు. తన గదిలో కూర్చుని తనకు తెలిసింది చెప్పారు.

చదివి వదిలేయకుండా నిలిచిపోయే పనికి వికీపీడియా. ఇంపీరియల్ కాలేజ్ భౌతిక శాస్త్రవేత్త జెస్ వేడ్ మహిళా శాస్త్రవేత్తల జీవిత వివరాలు అక్కడ ఎంత తక్కువో గమనించి, 2018 నుంచి ఒక్కొక్కరి గురించే రాయడం మొదలుపెట్టారు. ఇప్పటికి అవి 2,000 దాటాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచీ ఉంది. మన రంగంలోని ఒక్క భావనను అందులో శుభ్రమైన తెలుగులో రాయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

రీసెర్చ్‌గేట్, అకాడెమియా వంటి వేదికలు 2008లో వచ్చాయి. వ్యాసాలు పెట్టుకోవడానికి చాలామంది వీటిని వాడతారు. అయితే అచ్చయిన పీడీఎఫ్ మీరు రాసిందే అయినా దాన్ని బహిరంగంగా పెట్టే హక్కు పబ్లిషర్‌కు రాసిచ్చి ఉండవచ్చు. రీసెర్చ్‌గేట్ మీద 2017లో పెద్ద పబ్లిషర్లు కోర్టుకెళ్లారు. ఆ వివాదం సర్దుబాటయ్యేసరికి 2023 వచ్చింది. యూనివర్సిటీ భాండాగారంలో అనుమతి ఉన్న ప్రతిని ఉంచి, దాని లింకును పంచుకోవడమే క్షేమం. బ్రిటన్ ప్రభుత్వ పరిశోధన మండలి యూకేఆర్‌ఐ నిధులతో చేసిన పని అయితే, 2022 ఏప్రిల్ 1 తర్వాత జర్నల్‌కు పంపిన వ్యాసాలు అచ్చైన వెంటనే అందరికీ ఉచితంగా అందాలన్నది నియమం. అలాంటప్పుడు పంచుకోవడానికి అడ్డేమీ లేదు.

తెలుగులో చెబితే ప్రాణం నిలబడుతుంది

నా రంగం నుంచి ఒక ఉదాహరణ. ఎత్తు, బరువుల నిష్పత్తి బీఎంఐ 25 దాటితే అధిక బరువని అందరికీ తెలుసు. దక్షిణాసియా మూలాలున్న వారికి 23 దగ్గరే మధుమేహం ముప్పు పెరుగుతుందని, 27.5 దగ్గర బాగా ఎక్కువవుతుందని బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2013లోనే చెప్పింది. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 25 అంటే 72 కిలోలు, 23 అంటే 66 కిలోలు. ఆ మధ్యలోని ఆరు కిలోల్లో మన అన్నదమ్ములు ఎంతోమంది "నాకేం, నార్మల్‌గానే ఉన్నాను" అనుకుంటూ తిరుగుతున్నారు.

ఈ సమాచారం ఇంగ్లిషులో, నివేదికల్లో పదిలంగా ఉంది. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం మెంతుల నీళ్లతో షుగర్ మాయమవుతుందనే ఫార్వర్డు తిరుగుతోంది. ఆ ఖాళీని పూరించాల్సింది ఎవరు? తెలుగు తెలిసిన పరిశోధకులు కాక ఇంకెవరు? రెండు నిమిషాల వాయిస్ నోటు, అమ్మకు చెప్పినట్టు చెబితే, ఎంత గొప్ప జర్నల్ వ్యాసమూ చేరలేని వంటింటికి అది చేరుతుంది.

పరిశోధనలో పాల్గొనేవారిని వెతకడంలోనూ ఇదే అనుభవం. నా దగ్గర పనిచేసే ఒక విద్యార్థినికి ఇంటర్వ్యూల కోసం తెలుగు తల్లులు కావాలి. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతితో ఇంగ్లిషు పోస్టరు ఒక వాట్సాప్ గ్రూపులో పెడితే ఉలుకూ పలుకూ లేదు. కమిటీ మళ్లీ ఆమోదించాక తెలుగులో నాలుగు వాక్యాలు, చివర "మీ పేరు ఎక్కడా రాయం, ఇష్టం లేకపోతే మధ్యలో మానేయవచ్చు" అన్న మాట చేర్చి పెట్టాం. ఆ సాయంత్రమే "ఏంటమ్మా ఇది, ఎంతసేపు పడుతుంది?" అని ఫోన్లు మొదలయ్యాయి. జనానికి పరిశోధన మీద అయిష్టం లేదు. తమ భాషలో, తమను మనుషులుగా చూస్తూ అడిగేవారు కావాలి, అంతే.

పోస్టు చేసే ముందు ఐదు జాగ్రత్తలు

మొదటిది పేటెంటు. బ్రిటన్‌లో, యూరప్‌లో దరఖాస్తుకు ముందే ఆవిష్కరణ బయటపడితే అది కొత్తది కాదని తిరస్కరిస్తారు. అమెరికాలో ఉన్నట్టు ఏడాది గడువు ఇక్కడ ఉండదు. ప్రయోగశాలలో బల్ల మీదున్న పరికరం ఫొటో లింక్డ్‌ఇన్‌లో పెట్టడం కూడా బయటపెట్టడం కిందికే రావచ్చు. ఇంజినీరింగ్, బయోటెక్ పిల్లలు పోస్టు కన్నా ముందు యూనివర్సిటీ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టాలి.

రెండోది పరువు నష్టం. సైన్స్ రచయిత సైమన్ సింగ్ 2008లో ఒక పత్రికలో రాసిన వ్యాసం మీద చిరోప్రాక్టర్ల సంఘం దావా వేసింది. రెండేళ్ల పోరాటం తర్వాత 2010లో సంఘం వెనక్కి తగ్గింది. ఆ కేసు రేపిన చర్చ ఫలితంగా వచ్చిన 2013 చట్టం, నిపుణుల సమీక్ష దాటి శాస్త్రీయ జర్నల్‌లో అచ్చయిన మాటకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. ట్వీటుకు ఆ రక్షణ లేదు. "ఈ వ్యాసంలో మూడో పట్టికలోని లెక్క కుదరడం లేదు" అని రాయండి. "వీడు మోసగాడు" అని రాయకండి.

మూడోది ఇతరుల సమాచారం. బహిరంగంగా కనిపించే పోస్టులన్నీ పరిశోధనకు ఉచితం అనుకోవద్దు. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఒక విద్యావేత్త తయారుచేసిన క్విజ్ యాప్ ద్వారా 8.7 కోట్ల ఫేస్‌బుక్ ఖాతాల సమాచారం కేంబ్రిడ్జి అనలిటికాకు చేరి ఉండవచ్చని తేలింది. 2018లో బ్రిటన్ సమాచార కమిషనర్ ఫేస్‌బుక్‌కు 5 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. మన సంఘం గ్రూపులో ఎవరో తమ కష్టం చెప్పుకుంటే, అడగకుండా దాన్ని థీసిస్‌లో పెట్టడం నమ్మకద్రోహం. ఎథిక్స్ అనుమతి తప్పనిసరి.

నాలుగోది వీసా. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు స్వయం ఉపాధి చేయకూడదు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయం, డబ్బు తీసుకుని చేసే ప్రమోషన్లు ఆ కోవలోకి వచ్చే ప్రమాదం ఉంది. పరిశోధన గురించి ఉచితంగా చెప్పడం వేరు, చానల్ మీద సంపాదన వేరు. మానిటైజ్ బటన్ నొక్కే ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగాన్ని అడగాలి.

ఐదోది నకిలీ జర్నళ్లు. "మీ వ్యాసం అద్భుతం, వారంలో ప్రచురిస్తాం, ఫీజు ఇంత" అంటూ వచ్చే సందేశాలు, డబ్బుకు రచయితల జాబితాలో చోటు అమ్మే గ్రూపులు మన పిల్లలను బాగా లక్ష్యం చేసుకుంటున్నాయి. ఊళ్లో ప్రమోషన్ కోసం వ్యాసాలు కావాల్సిన లెక్చరర్లూ వీటిలో పడుతున్నారు. ఉచిత జర్నళ్ల డైరెక్టరీ డీవోఏజేలో పేరు ఉందో లేదో చూడటం, గైడును ఒక మాట అడగడం పెద్ద పని కాదు.

దూషణ ఎదురైతే

బహిరంగంగా మాట్లాడిన వారికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, రంగు వేరైన వాళ్లకు దూషణలు తప్పడం లేదు. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ మేరీ బియర్డ్ 2013లో ఒక బీబీసీ చర్చలో పాల్గొన్నాక ఆమె రూపం మీద నీచమైన రాతలు రాశారు. ఆమె వాటిని దాచలేదు, బయటపెట్టి నిలదీశారు. ఆడవారి గొంతును బహిరంగ సభలో నొక్కేయడం ప్రాచీన గ్రీసు నాటి నుంచీ ఉన్నదేనని మరుసటి ఏడాది ఒక ప్రసంగంలో చరిత్రతో సహా చెప్పారు.

అంత ధైర్యం అందరికీ ఉండాలని అనను. బ్లాక్ చేయడం పిరికితనం కాదు. బెదిరింపులైతే స్క్రీన్‌షాట్లు తీసి, యూనివర్సిటీకి, అవసరమైతే పోలీసులకు ఇవ్వాలి. ఇంట్లోవాళ్లు "నీకెందుకు ఈ గొడవ, మానెయ్" అనే ముందు, ఆమె ఏం చెప్పిందో ఒకసారి విని, పక్కన నిలబడితే అదే పెద్ద బలం.

వేదికలు మారినా మీ పేరు మారకూడదు

2022 అక్టోబరులో ట్విట్టర్ యాజమాన్యం మారింది. మరుసటి ఏడాది పేరు ఎక్స్ అయింది. పరిశోధకులకు ఉచితంగా దొరికిన డేటా ద్వారం మూసుకుపోయింది. విద్యావేత్తలు చాలామంది మాస్టోడాన్‌కు, 2024లో అందరికీ తెరుచుకున్న బ్లూస్కైకి వెళ్లిపోయారు. పదేళ్లు కష్టపడి కూడగట్టుకున్న అనుచరులను కొందరు ఒక్క ఏడాదిలో పోగొట్టుకున్నారు.

అద్దె ఇంటికి పాలరాయి వేయించుకోం కదా. సొంత ఇల్లు వేరే ఉండాలి. 2012 నుంచి ఉన్న ఆర్కిడ్ అనే 16 అంకెల ఉచిత గుర్తింపు సంఖ్య పరిశోధకులకు అలాంటిది. మన పేర్లకు ఇది మరీ అవసరం. ఇంటిపేరు ముందు రాసేవారు, వెనక రాసేవారు, పెళ్లయ్యాక మార్చుకునేవారు, పాస్‌పోర్టులో ఒకటి వ్యాసంలో ఒకటి ఉన్నవారు మనలో కోకొల్లలు. లక్ష్మీ, శ్రీనివాస్, రెడ్డి, రావు పేర్లతో ఎన్ని వేల వ్యాసాలుంటాయో ఊహించండి. పేరు ఎన్ని రకాలుగా రాసినా ఆర్కిడ్ మాత్రం ఒక్క మనిషినే చూపిస్తుంది. దానితోపాటు యూనివర్సిటీ పేజీ, భాండాగారం లింకులు సరిచేసి పెట్టుకుంటే, ఏ వేదిక మూతపడ్డా మీ పని చెక్కు చెదరదు.

సమయం సంగతికి వస్తే, నేను విద్యార్థులకు ఇచ్చే లెక్క రోజుకు 20 నిమిషాలు. పది నిమిషాలు చదవడానికి, ఐదు నిమిషాలు ఇతరుల పనిని మెచ్చుకోవడానికో ప్రశ్నించడానికో, ఐదు నిమిషాలు తమది చెప్పుకోవడానికి. ఎప్పుడూ తన డప్పే కొట్టుకునే వాడి చుట్టూ జనం నిలవరు. వ్యాసం వచ్చినప్పుడు దాని పేరు, లింకు పడేసి ఊరుకోవద్దు. ఏం ప్రశ్న అడిగాం, ఏం తేలింది, ఎవరికి ఉపయోగం అని మూడు వాక్యాలు రాయాలి. ఆ మూడూ రాయలేకపోతే మన పని మనకే ఇంకా అర్థం కాలేదని గుర్తు.

మన సంఘాలకు ఒక విన్నపం

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల గ్రూపుల్లో ఇళ్లు అద్దెకు దొరుకుతాయి, ఊరగాయలు దొరుకుతాయి, ఇండియా వెళ్లేవారి సూట్‌కేసులో చోటు దొరుకుతుంది. అదే గ్రూపుల్లో వైద్యం, వాతావరణం, బ్యాటరీలు, కృత్రిమ మేధ మీద పనిచేస్తున్న మన పిల్లలూ మౌనంగా ఉన్నారు. వాళ్లేం చేస్తున్నారో పక్క ఇంటివాళ్లకే తెలియదు.

నెలకు ఒక్క ఆదివారం, గ్రూపులో ఒక్కరికి అవకాశం ఇవ్వండి. తన పరిశోధన గురించి తెలుగులో మూడు నిమిషాల వాయిస్ నోటు, ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలు. అడ్మిన్ చేయాల్సిందల్లా ఆ గంట గుడ్ మార్నింగ్ బొమ్మలను ఆపడమే. తెలుగులో మాట దొరకక ఆ పిల్లలు తడబడతారు. "ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను ఏమంటారు తాతయ్యా?" అని అడుగుతారు. ఫర్వాలేదు, పెద్దలు ఒక మాట అందిస్తారు. ఆ మాట నచ్చితే మర్నాడు అది తెలుగు వికీపీడియాలోకి ఎక్కుతుంది. అదృష్టం బాగుంటే, 66 కిలోలకూ 72 కిలోలకూ మధ్య ఉన్న ఎవరో ఒకాయన సోమవారం పొద్దున్నే జీపీకి ఫోన్ చేసి రక్తపరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకుంటారు.